ముస్లిం ఆడపిల్లల చదువు: తెగేది అతుకుల దగ్గరే

2001 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 60.5 శాతం. అదే రాష్ట్రంలో ముస్లింల అక్షరాస్యత 68 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే ఎక్కడో అచ్చుతప్పు పడిందేమో అనిపిస్తుంది. తప్పేమీ లేదు. తెలుగు నేల మీద ముస్లింలు ఎక్కువగా పట్టణాల్లో ఉంటారు. 2011 లెక్కల ప్రకారం ఒక్క హైదరాబాద్ జిల్లా జనాభాలోనే వాళ్లు 43 శాతం పైచిలుకు. మారుమూల పల్లెలో పుట్టిన పిల్ల కంటే పట్నం గల్లీలో పుట్టిన పిల్లకు పలకాబలపం తొందరగా అందుతాయి. అందుకే రాష్ట్ర సగటు పక్కన నిలబెడితే ముస్లింలు ముందున్నట్టు కనిపిస్తారు. వాళ్లను పోల్చాల్సింది అదే పట్నంలో పక్క వీధి వాళ్లతో.

ఇక రెండో కొస చూద్దాం. 2011 లెక్కల్లో దేశ జనాభాలో ముస్లింల వాటా 14.2 శాతం. 2020-21లో కేంద్రం చేసిన ఉన్నత విద్య సర్వే ప్రకారం కాలేజీలు, యూనివర్సిటీల్లో చదువుతున్న వాళ్లలో ముస్లింలు 4.6 శాతమే. అక్షరాలు నేర్చేచోట అంతగా వెనకబడనివాళ్లు డిగ్రీ దగ్గరికి వచ్చేసరికి ఇంతగా ఎలా పలచబడ్డారు? మధ్యలో ఎక్కడో జారిపోతున్నారన్నమాట. మరో సంగతి కూడా ఆ సర్వేల్లోనే ఉంది. కాలేజీ దాకా చేరిన ముస్లిం విద్యార్థుల్లో అమ్మాయిలు ఇంచుమించు సగం మంది. ‘వాళ్లు ఆడపిల్లల్ని చదివించరు’ అనే మాటతో సరిపెట్టుకుంటే ఈ సగాన్ని ఏ లెక్కలో వెయ్యాలి?

మదర్సా సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం బడి వయసు ముస్లిం పిల్లల్లో పూర్తిగా మదర్సాలో చదివేవాళ్లు 3, 4 శాతానికి మించరు. తెల్లారి ఓ గంటో, సాయంత్రం ఓ గంటో మసీదు పక్కన మక్తబ్‌లో ఖురాన్ చదవడం నేర్చుకునే పిల్లలు వేరు. వాళ్లు ఆ గంట అయ్యాక మామూలు బడికే వెళ్తారు. మక్తబ్‌నూ మదర్సానూ కలగలిపి మాట్లాడటం వల్ల ఈ చర్చ ఎన్నేళ్లయినా పక్కదారి పడుతూనే ఉంది.

అసలు చిక్కు అతుకుల దగ్గర ఉంది. బట్ట మధ్యలో చిరిగే దానికన్నా కుట్టు దగ్గర తెగేదే ఎక్కువ. చదువులోనూ అలాంటి కుట్లు మూడున్నాయి: ఐదు నుంచి ఆరుకు, ఎనిమిది నుంచి తొమ్మిదికి, పది నుంచి ఇంటర్‌కు మారేచోట్లు. వాటి దగ్గర బడి, దారి, బోధనా భాష, ఖర్చు, కాగితాలు ఒక్కసారిగా మారతాయి. ఒక్కటి మారితే ఇల్లు సర్దుకుంటుంది. ఐదూ కలిసి మారిన చోట ‘ఈ ఏడాదికి ఇంట్లో ఉండనీ’ అంటారు. ఆ ఏడాది గడిచాక పిల్ల మళ్లీ బడి ముఖం చూడటం కష్టం.

ఐదో తరగతి తర్వాత

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మన రాష్ట్రాల్లో దాని నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. కిలోమీటరు దాకా తల్లి నడిపించుకుపోతుంది. మూడు కిలోమీటర్లంటే తోడు కావాలి. ఆ తోడు చాలాసార్లు అన్నో తమ్ముడో, లేదా అదే గల్లీకి చెందిన నలుగురైదుగురు ఆడపిల్లల గుంపో. అన్న పది తప్పి మెకానిక్ షెడ్డుకో వెల్డింగ్ షాపుకో పోయిన ఏడాదే చెల్లెలి బడి ఆగిపోతుంది. గుంపులో ఇద్దరు మానేస్తే మిగతా ఇద్దరూ నెల తిరక్కుండా మానేస్తారు. బడి రిజిస్టర్లో మాత్రం నలుగురికీ ‘ఆసక్తి లేదు’ అనో, ‘ఇంటి పని’ అనో విడివిడిగా కారణాలు రాసి ఉంటాయి. రాసింది నాలుగు కారణాలు, జరిగింది ఒకటే సంఘటన.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు ఈ కుట్టు ఎనిమిదేళ్ల వయసుకే వచ్చి పడింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ జీవోను వెనక్కి తీసుకుంది. బడుల విలీనం గురించి ఎప్పుడు మాట వచ్చినా ముందు లెక్కపెట్టాల్సింది టీచర్ల సంఖ్యను కాదు, ఆడపిల్ల దాటాల్సిన మెయిన్ రోడ్లను.

దారి ఖర్చు విషయంలో ఈమధ్య పెద్ద మార్పే వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సాధారణ సర్వీసుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. కూతురితోపాటు తల్లి కూడా ఉచితంగా వెళ్లి దింపి రావచ్చు కాబట్టి ‘తోడు ఎవరు’ అనే ప్రశ్నకు కూడా ఇది కొంత జవాబు. అయితే పాతబస్తీ సందుల్లోకి బస్సు రాదు. ఇంటి నుంచి స్టాపు దాకా ఉన్న దూరం అలాగే ఉంది. పెద్ద పిల్లలకు వేధింపులు ఎదురయ్యేది కూడా ఎక్కువగా అక్కడే.

ఈ అతుకును పూర్తిగా దాటించే మార్గం హాస్టల్ ఉన్న బడి. తెలంగాణ మైనారిటీ గురుకులాలు 2016లో 71 బడులతో మొదలై రెండు వందలు దాటాయి. వాటిలో దాదాపు సగం బాలికలవి. ఇంగ్లిష్ మీడియం, ఐదో తరగతి నుంచి ప్రవేశం, 75 శాతం సీట్లు మైనారిటీలకు, మిగతావి ఇతరులకు. ఉర్దూను ఒక భాషగా చెబుతారు. నాలుగో తరగతి చదువుతుండగానే దరఖాస్తు చేసుకోవాలి. జూన్‌లో బడి తెరిచాక చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాదికి ఇక మిగిలిపోయిన సీట్లే దిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో మైనారిటీ గురుకులాల సంఖ్య దీనితో పోల్చదగ్గది కాదు.

ఆడపిల్లలకే హాస్టల్‌తో నడిచే కస్తూర్బా విద్యాలయాల కథ వేరు. 2004లో ఆ పథకం రూపొందినప్పుడు గ్రామీణ స్త్రీ అక్షరాస్యత తక్కువగా ఉన్న మండలాల్నే లెక్కలోకి తీసుకున్నారు. 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకని కాగితం మీద ఉంది. మైనారిటీ బాలికలు కిక్కిరిసి ఉన్న పట్టణ వార్డులు మాత్రం అప్పట్లో ఆ గీత బయట ఉండిపోయాయి. మొదట్లో చూసిన అక్షరాస్యత సగటు చేసే మోసం ఇలాంటి చోట సీట్ల రూపంలో బయటపడుతుంది.

ఎనిమిదితో చట్టం ఆగిపోతుంది

విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వరకే, ఎనిమిదో తరగతి వరకే. అప్పటిదాకా చట్టం ఇచ్చే రక్షణలు చాలామందికి తెలియవు. వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించకూడదు. టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. గడువు దాటాక వచ్చినా చేర్చుకోవాలి. మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదకొండేళ్ల పిల్లను రెండో తరగతిలో కూర్చోబెడితే ఆమె వారం కూడా ఉండదు. చట్టంలో ఆ నిబంధన పెట్టింది అందుకే.

టీసీ గొడవ పట్టణ బస్తీల్లో ఎక్కువ. అక్కడ ప్రభుత్వ హైస్కూళ్లు తక్కువ, అద్దె ఇంటి మేడ మీద నడిచే చిన్న ప్రైవేటు బడులు ఎక్కువ. ఫీజు నెలకింత అని కట్టుకోవచ్చు, టీచర్లంతా ఆడవాళ్లే, ఇంటికి దగ్గర, ఉర్దూ, ఖురాన్ కూడా చెబుతారు. తల్లిదండ్రులు అక్కడికి వెళ్లడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. చిక్కు రెండు చోట్ల వస్తుంది. కొన్ని బడులకు ఏడో తరగతి వరకే గుర్తింపు ఉంటుంది. పై తరగతుల పిల్లల్ని వేరే బడి పేరు మీద పరీక్షకు కూర్చోబెడతారు. ఆ రెండో బడి మూతపడినా, రెండు బడులకూ చెడినా పిల్ల రికార్డు గాల్లో కలిసిపోతుంది. రెండోది ఫీజు బకాయి. కరోనా తర్వాత బకాయిలు పేరుకుపోయి టీసీ తీసుకోలేక ఇంట్లో కూర్చున్న పిల్లలు ఎందరో. ఎనిమిదో తరగతి లోపైతే టీసీ లేకుండానే ప్రభుత్వ బడిలో చేర్పించవచ్చు, హెడ్‌మాస్టర్ కాదనలేరు. తొమ్మిదికి వచ్చాక ఆ హక్కు ఉండదు, బతిమాలుకోవాలి. ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉండగానే బడి మారడం మేలనేది అందుకే.

ప్రైవేటు బడి వల్ల ఇంకో నష్టం కూడా ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష, అదే ఎన్‌ఎంఎంఎస్, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 చొప్పున 48,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు, పదిలో 60 శాతం ఉండాలి. ప్రభుత్వమే వసతి, భోజనం పెట్టే గురుకులాల పిల్లలకు కూడా ఇది వర్తించదు. బస్తీ ప్రైవేటు బడిలో చదివే పిల్ల ఎంత తెలివైనదైనా ఆ పరీక్ష గుమ్మం తొక్కలేదు.

ఉర్దూ మీడియం అనే రెండంచుల కత్తి

ఉర్దూ తెలంగాణలో 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి. కాగితం మీద హోదా పెరిగింది. క్లాసురూంలో టీచరు ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. ఉర్దూ మీడియం టీచరు పోస్టులకూ రిజర్వేషన్ రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే వరస, ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన పోస్టులకు ఉర్దూ మీడియంలో చదివిన అభ్యర్థులు దొరకరు. పోస్టు ఖాళీగా ఉండిపోతుంది, తర్వాతి నోటిఫికేషన్‌కు మళ్లుతుంది, మళ్లీ ఖాళీ. రిజర్వేషన్ తప్పని దీని అర్థం కాదు. భాషా మీడియం పోస్టుల్ని మామూలు రోస్టర్‌లో కలిపేసి వదిలేయడం తప్పు. చివరికి లెక్కల టీచరు లేని ఉర్దూ హైస్కూల్లో పదో తరగతి లెక్కల పరీక్షకు ట్యూషనే గతి. సాయంత్రం ఆరు తర్వాత ట్యూషన్‌కు అబ్బాయి వెళ్తాడు. అమ్మాయి వెళ్లదు.

పది గట్టెక్కినా ఇంటర్ దగ్గర మాటలు మారిపోతాయి. మొక్క సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకోవడాన్ని ఉర్దూ పుస్తకంలో ‘జియాయీ తాలీఫ్’ అని చదివిన పిల్లకు, పక్క బెంచీ పిల్ల ‘కిరణజన్య సంయోగక్రియ’గా చదివినదానికి, ఇప్పుడు లెక్చరరు చెబుతున్న ‘ఫోటోసింథసిస్’కూ చుట్టరికం ఉందని తెలియడానికే రోజులు పడతాయి. తెలుగు మీడియం పిల్లకూ ఈ కష్టం ఉంది గానీ ఆమె అడిగితే లెక్చరరు తెలుగులోనైనా విప్పి చెబుతాడు. ఉర్దూలో చెప్పగలిగిన లెక్చరర్లు ఎన్ని కాలేజీల్లో ఉన్నారు? బైపీసీలో చేరి సెప్టెంబరుకల్లా సీఈసీకి మారిపోయే అమ్మాయిల్లో చాలామందిని ఓడించింది సైన్సు కాదు, సైన్సు మాటలు. పది పరీక్షలు అయ్యాక వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మూడు, నాలుగు వందల శాస్త్ర పదాలను ఉర్దూ, ఇంగ్లిష్ పక్కపక్కన రాసి అలవాటు చేయిస్తే ఈ జారుడు చాలావరకు ఆగుతుంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక నోటుబుక్కు, కుదురుగా కూర్చోబెట్టే ఒక మనిషి చాలు.

దూదేకుల వాళ్ల ఇళ్లలో మాట తెలుగే. పల్లెల్లో చాలా ముస్లిం కుటుంబాల పిల్లలు చదివేది తెలుగు మీడియమే. ‘ముస్లిం అమ్మాయి కదా, ఉర్దూ సెక్షన్‌లో వేద్దాం’ అని టీచరు తనంతట తానే నిర్ణయించడం, ఉర్దూ మాట్లాడే పిల్లను టీచరు లేడని తెలుగు సెక్షన్‌లోకి తోసేయడం, రెండూ ఒకే కోవలోవి. అడిగి చేర్చుకోవాలి.

ఉర్దూలో చదివితే తలుపులన్నీ మూసుకుపోతాయనే భయం మాత్రం అతిగా ఉంది. నీట్ ప్రశ్నపత్రం 2018 నుంచి ఉర్దూలో కూడా వస్తోంది. తెలంగాణ ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్, ఇంగ్లిష్-ఉర్దూలో రాయవచ్చు. 1998లో హైదరాబాద్‌లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, బీఎడ్, దూరవిద్య ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ కడపలోనూ దాని పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ 2016లో వచ్చింది. వీటిలో ఉర్దూ మీడియం కోర్సులకు పదిలోనో ఇంటర్‌లోనో ఉర్దూ చదివి ఉండాలి. ఇంగ్లిష్ మీడియంలో వేసినా ఉర్దూను ఒక సబ్జెక్టుగా వదలకపోవడం అందుకే లాభం. టీచరు పోస్టులు ఖాళీగా ఉన్న మీడియంలో టెట్ పాసైన అమ్మాయికి ఉన్న విలువ వేరే చెప్పాలా?

పేరులోనే ఉంది పెన్నిధి

ఇంతమందిని నిలువునా ఆపేసే అడ్డంకి ఇంకోటి ఉంది. అది పేరు. ఇంత చిన్న విషయానికి చదువు ఆగుతుందా అనుకునేవాళ్లు జూన్ నెలలో ఏ మీసేవ కేంద్రం ముందైనా ఓ పూట నిలబడితే చాలు.

ఒకే అమ్మాయి జనన ధ్రువపత్రంలో ‘ఆయేషా’, ఆధార్‌లో ‘షేక్ ఆయేషా’, బడి రిజిస్టర్లో ‘ఆయేషా బేగం’. తండ్రి ఒకచోట ‘మహమ్మద్’, ఇంకోచోట ‘మొహమ్మద్’, ఆధార్‌లో ‘ఎండీ’. షేక్‌ను ‘ఎస్‌కే’ అని ఇంటిపేరు అక్షరాల్లా కుదించడం మన దగ్గర మామూలే. మనిషికి ఇవన్నీ ఒకటే. స్కాలర్‌షిప్ సాఫ్ట్‌వేర్‌కు వేర్వేరు మనుషులు. ఆధార్‌లో పేరుకూ మెమోలో పేరుకూ తేడా ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు, కదిలినా డబ్బు బ్యాంకు ఖాతాకు చేరదు.

సరిచేసుకునే వరస ఇది. మొదట జనన ధ్రువపత్రం. అందులో పిల్ల పేరు లేకుండా ‘ఆడ శిశువు’ అని మాత్రమే ఉంటే పదిహేనేళ్ల లోపు పేరు చేర్పించుకోవచ్చు. పుట్టుకే నమోదు కాకపోతే, ఏడాది దాటింది కాబట్టి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ఆ కాగితాన్ని బట్టి బడి అడ్మిషన్ రిజిస్టర్, ఆ తర్వాతే ఆధార్. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. చాలామంది తొందరపడి ముందు ఆధార్ మార్చేసి, తర్వాత జనన ధ్రువపత్రంలో వేరే తేదీ బయటపడి ఉన్న ఒక్క అవకాశాన్నీ పోగొట్టుకుంటారు. ఇదంతా పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా, బోర్డుకు వెళ్లకముందే, వీలైతే తొమ్మిదిలోనే అయిపోవాలి. పది మెమో మీద ముద్ర పడ్డాక పుట్టిన తేదీ మార్పించడం ఏళ్ల తరబడి తిరుగుడు. పెళ్లయ్యాక భర్త పేరుతో ఆధార్ మార్చుకున్న అమ్మాయి డిగ్రీలో చేరదామంటే ఇదే తలనొప్పి మళ్లీ మొదలు. చదువు పూర్తయ్యేదాకా ఆధార్‌లో పుట్టింటి పేరే ఉంచుకోవడం మంచిది.

కుల ధ్రువపత్రం ఇంకో మెలిక. తెలుగు రాష్ట్రాల్లో ‘ముస్లిం’ అనే పేరుతో రిజర్వేషన్ లేదు. 2007 చట్టం 14 వెనకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం ఇచ్చింది. 2010లో హైకోర్టు కొట్టేసినా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నడుస్తోంది. షేక్‌లు దాని కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివాళ్లు రారు. దూదేకులది బీసీ-బీ, మెహతర్‌లది బీసీ-ఏ. తండ్రి పాత టీసీలో కులం గడిలో ‘ముస్లిం’ అని మాత్రమే రాసి ఉంటే తహసీల్దారు ఆఫీసులో విచారణ తప్పదు, దానికి వారాలు పడుతుంది. కాబట్టి కౌన్సెలింగ్ తేదీ వచ్చాక మొదలుపెట్టకూడదు. బీసీ కిందికి రాని సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఆస్తి షరతులున్న చోట వాటికీ లోబడితే, ఆర్థికంగా బలహీన వర్గాలకిచ్చే ఈడబ్ల్యూఎస్ 10 శాతం కోటాకు అర్హులు. ఈ సంగతి తెలియక జనరల్‌లో పోటీపడి సీటు పోగొట్టుకునేవాళ్లున్నారు. మరో మాట: రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. చేతిలో బీసీ-ఈ పత్రం ఉంది కదా అని కేంద్ర సంస్థల దరఖాస్తులో ఓబీసీ గడి నింపేయకూడదు. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

డబ్బు ఏ వైపు లాగుతోంది

2022 నవంబరులో కేంద్రం మైనారిటీ ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనాన్ని ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆపేసి తొమ్మిది, పదికి పరిమితం చేసింది. ఎనిమిది దాకా విద్యాహక్కు చట్టం కింద చదువు ఉచితమే కదా అన్నది చెప్పిన కారణం. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మైనారిటీ బాలికలకే ప్రత్యేకించిన బేగం హజ్రత్ మహల్ స్కాలర్‌షిప్, ఏడాదికి ఐదారు వేలు ఇచ్చేది, అదీ ఆగిపోయింది. మొత్తం చిన్నదే. కానీ ఆ డబ్బు అమ్మాయి పేరు మీద, చదివితేనే వచ్చేది. ఇంట్లో ఆమె చదువు తరఫున మాట్లాడే డబ్బు అది.

ఇంకో డబ్బు కూడా ఉంది. తెలంగాణ షాదీ ముబారక్ 2014 అక్టోబరు 2న 51,000తో మొదలై, 2018లో 1,00,116 రూపాయలకు చేరింది. షరతు పెళ్లికూతురుకి 18 నిండడం. చదువు షరతు లేదు. బాల్యవివాహాన్ని వాయిదా వేయించడంలో దీని పాత్రను కొట్టిపారేయలేం. కానీ పదిహేనేళ్లకు బడి మానేసిన పిల్లకూ ఇంటర్ పాసైన పిల్లకూ అందేది అదే లక్ష. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరులో షాదీ తోఫా తెచ్చినప్పుడు వధూవరులిద్దరూ పది పాసై ఉండాలన్నారు. వరుడికీ షరతు పెట్టడం అందులోని తెలివైన భాగం. ఎందుకంటే ఇక్కడ అసలు లెక్క అబ్బాయిలది. మగపిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్లకే పనిలోకి, డ్రైవింగ్‌లోకి, గల్ఫ్ దారిలోకి వెళ్లిపోతుంటే, డిగ్రీ చదివిన అమ్మాయికి ఈడూజోడూ దొరకదని తల్లి భయపడుతుంది. ఆ భయంలో మతం పాలెంత, సంబంధాల సంతలో లెక్క ఎంత? అన్నల చదువు నిలబడని చోట చెల్లెళ్ల చదువుకు పైకప్పు కిందికి దిగుతుంది.

ఇంటి సంపాదనలో ఆడపిల్ల చేతి పని కూడా కలిసి ఉంటుంది. పాతబస్తీలో గాజులకు రాళ్లు అతకడం, మగ్గం పని, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టడం. బీడీ కార్మికుల ఇళ్లకు మతంతో సంబంధం లేని ఒక దారుంది. తల్లికి బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉంటే కేంద్ర కార్మిక శాఖ విద్యా సాయం తరగతిని బట్టి ఏడాదికి 1,000 నుంచి వృత్తి విద్యకు 25,000 దాకా అందుతుంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చెయ్యాలి. కార్డు లేకుండా ఇంట్లో చుట్టి దళారికి ఇచ్చే తల్లులకు ఇది రాదు, కార్డు చేయించుకోవడమే మొదటి మెట్టు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం కింద ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి పిల్లకూ 15,000 లెక్కగట్టి, బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. ఒక్క పిల్లకే కాకుండా ఇంట్లో చదివే అందరికీ ఇవ్వడంతో ‘అబ్బాయి పేరు పెట్టి అమ్మాయిని ఆపేద్దాం’ అనే ఎంపిక తప్పింది.

హిజాబ్ విషయం రెండు ముక్కల్లో. 2022లో క్లాసులో హిజాబ్‌కు అడ్డుపడిన కర్ణాటక ఉత్తర్వును అక్కడి హైకోర్టు సమర్థించింది, అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ చెరో తీర్పు ఇచ్చారు. మన రాష్ట్రాల్లో అలాంటి ఉత్తర్వు లేదు. పేచీ ఎక్కువగా పరీక్ష హాలు గేటు దగ్గర వస్తుంది. నీట్‌లో సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవాళ్లను అనుమతిస్తారు. తనిఖీకి సమయం పడుతుంది కాబట్టి మిగతావాళ్ల కంటే గంట ముందు చేరాలని ముందే చెబుతారు. ఆ గంట ముందు చేరితే చాలావరకు గొడవే ఉండదు.

తెగినదాన్ని మళ్లీ కుట్టడం

మానేసి మూడు, నాలుగేళ్లయిన అమ్మాయికి ఓపెన్ స్కూల్ ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ఉర్దూ మీడియంలోనూ రాయవచ్చు. పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. బడికే వెళ్లనివాళ్లు కూడా పుట్టిన తేదీ రుజువు, స్వీయ ధ్రువీకరణతో పదిలో చేరవచ్చు. ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండు విడతల పరీక్షలు, ఐదేళ్ల లోపు తొమ్మిది అవకాశాలు. ఒక్కో విడతలో ఒకటి రెండు సబ్జెక్టులు తీసేసుకుంటూ పోవచ్చు. రెగ్యులర్ పది తప్పినవాళ్లు అందులో పాసైన రెండు సబ్జెక్టుల మార్కులు ఇక్కడికి బదిలీ చేయించుకోవచ్చు. చాలామంది ఈ సంగతి తెలియక ఐదూ మళ్లీ రాస్తారు. ఆలిమా అనే మతవిద్య కోర్సు చేస్తున్న మదర్సా అమ్మాయిలకు కూడా మామూలు చదువులోకి వచ్చే దగ్గర దారి ఇదే.

ఇందులో తప్పటడుగు పడేది స్టడీ సెంటర్ ఎంపికలో. తరగతులు ఆదివారాల్లో, సెలవు రోజుల్లో జరగాలి. ‘రానక్కర్లేదు, పరీక్షకు వస్తే మేమే చూసుకుంటాం’ అనే సెంటర్లో చేరితే డబ్బు పోవడం ఖాయం, ఆ మెమోతో ఇంటర్‌లో నిలబడటం కష్టం. చేరేముందు ఆదివారం ఒకసారి వెళ్లి అక్కడ నిజంగా క్లాసు జరుగుతోందా, ఆడ టీచరు ఉన్నారా అని చూసి రావడమే పరీక్ష.

ఓపెన్ స్కూల్ దాకా రానివ్వకుండా పట్టుకునే వీలు కూడా ఇప్పుడు బడి చేతిలోనే ఉంది. ప్రతి విద్యార్థికీ ‘పెన్’ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది. ఐదో తరగతి అయిపోయి మరో బడిలో నమోదు కాని పిల్ల పేరు, బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ పోర్టల్‌లో ‘డ్రాప్ బాక్స్’ అనే చోట ఉండిపోతుంది. జూలై రెండో వారంలో ప్రాథమిక పాఠశాల హెడ్‌మాస్టర్ ఆ జాబితా తెరిచి, పక్క హైస్కూల్ ప్రవేశాల పట్టికతో సరిచూస్తే ఏ గల్లీలో ఎవరు ఆగిపోయారో పేర్లతో సహా తెలుస్తుంది. చాలాచోట్ల ఆ జాబితాను ‘వలస వెళ్లారు’ అని రాసి ఖాళీ చేసేస్తారు. అలా రాసేముందు ఓ ఆడ టీచరు, అదే గల్లీ నుంచి హైస్కూల్‌కు వెళ్తున్న ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లాలి. ఒకే గల్లీ పేర్లు రెండు కంటే ఎక్కువ ఉంటే వాళ్లందరినీ ఒకే రోజు, ఒకే సెక్షన్‌లో చేర్చాలి.